బడిపిల్లలు – పంటకాలువ లెక్క



ఈ పూట విత్తనం గురించో, ఎరువు గురించో, కాకపోతే చీడపీడల గురించో చెప్తానని మీరనుకొని వుంటారు. అవి చెప్పడం నా ఉద్యోగమే. కాని ఈ రోజున బడిపిల్లల సంగతి మీకు మనవి చేయదలచుకున్నాను. "బడిపిల్లలకూ సేద్యానికీ ఏమి సంబంధమయ్యా?" అని మీరు అడగవచ్చు. నాలుగైదేండ్ల కిందట నేనూ అదే మాట అనేవాణ్ణి. తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు నాకు కొంత బుద్ధి చెప్పినారు. ఆ కథ మీతో చెప్పుకుంటే మీ ఊళ్ళో పిల్లలకూ, మీ పొలాలకూ కొంత మేలు జరుగుతుందని ఆశ.

మాది నిజాంసాగర్ ప్రాంతం, నేటి కామారెడ్డి జిల్లా. మంజీరా నదికి అడ్డంగా, అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల దగ్గర 1923లో కట్టడం మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ప్రాజెక్టు ఇది. ఆనాటి హైదరాబాదు రాజ్యపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారి ఆధ్వర్యంలో ఈ పని జరిగింది. కట్టిన కొత్తలో దీనిలో 29.7 టీఎంసీల నీరు నిలిచేది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఏటేటా వరదతోపాటు వచ్చిన ఒండ్రు అడుగున పేరుకున్నది. తరువాత నీటిమట్టం పెంచి 1,405 అడుగుల దాకా నిలుపుతున్నా, ఈనాడు ప్రాజెక్టు నిండితే వుండేది 17.8 టీఎంసీలు మాత్రమే. ఎగువన సింగూరు వచ్చిన తరువాత మంజీరా నీటికి పంపకాలూ పెరిగినవి. అనగా, తాతలు కాలువ పారించుకున్నట్టు మనుమలు పారించుకోవడానికి వీలు లేదు. కొలిచి వాడుకోవాలి.

కొలవడం అనే మాట దగ్గరనే నా కథ మొదలవుతుంది.

మా క్లస్టరులో ఒక ఉన్నత పాఠశాల వున్నది. ఆ ఊరి పేరుతో మనకు పని లేదు. ఒక ఏడు సైన్సు ప్రదర్శన వస్తున్నదని అక్కడి ఉపాధ్యాయులు నన్ను పిలిచినారు. "సారూ, వ్యవసాయం మీద మా పిల్లలతో ఒక ప్రాజెక్టు చేయించండి" అన్నారు. నేను ఉత్సాహంగా వెళ్ళినాను. థర్మోకోలు అట్ట తెప్పించినాను. పచ్చరంగు వేయించి, సన్నని గొట్టాలు అమర్చి, బిందుసేద్యం నమూనా తయారు చేయించినాను. పిల్లలకు నాలుగు వాక్యాలు వల్లె వేయించినాను. ప్రదర్శనలో దానికి బహుమతి కూడా వచ్చింది. ఫోటో తీసుకున్నాము. ఆ తరువాత ఆ అట్ట బడి అటక ఎక్కింది. రెండు నెలలకు చూస్తే ఎలుకలు కొరికి వున్నవి.

ఆ ఊళ్ళో కాలువ కింద వరి పండుతుంది. బిందుసేద్యం పెట్టిన రైతు ఒక్కడు లేడు. పిల్లలు చెప్పిన నాలుగు వాక్యాలు నావి, నమూనా నాది, బహుమతి మాత్రం వాళ్ళది. ఊరికి దక్కింది ఏమీ లేదు. ఇది నేను చేసిన మొదటి తప్పు.

మరుసటి ఏడు మళ్ళీ పిలిచినారు. ఈసారి ఏమి చేయించుదామా అని ఆలోచించుకుంటూ బడికి వెళ్ళినాను. చెట్టు కింద పిల్లలు కూర్చున్నారు. నేను నోరు తెరవకముందే ఒక అమ్మాయి లేచి అడిగింది.

"సార్, మా మడి దాంక నీళ్ళు ఎందుకు వస్తలేవు?"

ఆ అమ్మాయి తండ్రికి పంటకాలువ చివరన ఎకరంన్నర భూమి. తూము దగ్గర నీరు నిండుగా దిగుతుంది. చివరికి వచ్చేసరికి పిల్లకాలువలో పాదం తడవదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఎందుకంటే "కాలువ చివర అంతే" అంటారు. "లష్కరు సరిగ్గా వదలడు" అని కొందరంటారు. "పైవాళ్ళు తెంపుకుంటారు" అని కిందివాళ్ళంటారు. "కిందివాళ్ళు పూడిక తీయరు" అని పైవాళ్ళంటారు. ఇరవై ఏండ్లుగా ఇదే మాట. ఎవరూ కొలిచి చూడలేదు.

నాకు జవాబు తెలియలేదు. నిజం చెప్పాలంటే, అక్కడే కొంచెం తెలివి వచ్చింది. "నాకూ తెలియదమ్మా. మీరే కనుక్కోండి" అన్నాను. ఆ అమ్మాయి, ఇంకా ఇద్దరు మగపిల్లలు, ముగ్గురూ ఆ పనికి పూనుకున్నారు.

ఎట్లా కొలిచినారో చెప్తాను. మీ ఊళ్ళో కూడా చేయవచ్చు, ఖర్చు లేదు. పంటకాలువ తిన్నగా వున్నచోట పది మీటర్లు తాడుతో కొలిచి, అటొక పుల్ల ఇటొక పుల్ల పాతాలి. ఎండిన మక్క బెండు ఒకటి పై పుల్ల దగ్గర నీళ్ళలో వేయాలి. కింది పుల్ల దాకా రావడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో చూడాలి. సెల్‌ఫోనులో గడియారం వుంటుంది, చాలు. మూడుసార్లు వేసి సగటు తీయాలి. తరువాత కాలువలో నీటి వెడల్పు, లోతు స్కేలుతో కొలవాలి. వెడల్పును లోతుతో, దానిని వేగంతో గుణిస్తే పారే నీరు వస్తుంది. పైన పారే నీటి వేగం అడుగున వుండదు గనుక, వచ్చిన లెక్కలో వందకు 85 పాళ్ళు మాత్రమే తీసుకోవాలి. ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు వచ్చిన లెక్కే. పుస్తకంలో వున్నప్పుడు వాళ్ళకు దీని రుచి తెలియలేదు, అంతే.

తూము దగ్గర వాళ్ళకు వచ్చిన లెక్క ఇది. వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 20 సెంటీమీటర్లు. పది మీటర్లకు 40 సెకండ్లు. అంటే సెకండుకు దాదాపు 25 లీటర్లు. అక్కడి నుంచి ఆరువందల మీటర్ల దూరంలో, చివరి మడి దగ్గర వెడల్పు 50, లోతు 10, పది మీటర్లకు 50 సెకండ్లు. అంటే ఎనిమిదిన్నర లీటర్లు. ఇరవై అయిదులో ఎనిమిదిన్నర!

ఈ అంకెలు ఊరికే అంకెలు కావు. ఒక ఎకరంలో అయిదు సెంటీమీటర్ల నీరు నిలపాలంటే రెండు లక్షల లీటర్ల నీరు కావాలి. తూము దగ్గరి రైతుకు ఆ నీరు రెండుంపావు గంటల్లో పారుతుంది. చివరి రైతుకు ఆరున్నర గంటలు పడుతుంది. వంతు మాత్రం ఇద్దరికీ గంటల లెక్కనే! ఆ అమ్మాయి ఈ లెక్క నల్లబల్ల మీద వేసి చూపినప్పుడు, "మా నాయన రాత్రంతా ఎందుకు పొలం కాడ వుంటడో ఇప్పుడు తెలిసింది సార్" అన్నది.

సరే, మిగతా పదహారు లీటర్లు ఏమైనట్టు? ఇదే అసలు ప్రశ్న. పిల్లలు తూముకూ చివరి మడికీ నడుమ నాలుగుచోట్ల పుల్లలు పాతినారు. నీరు వదిలిన పన్నెండు రోజులూ పొద్దున బడికి పోయేముందు ఒకసారి, సాయంకాలం ఒకసారి కొలిచినారు. ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, వేళ, చోటు, వెడల్పు, లోతు, సెకండ్లు రాసినారు. పక్కన ఒక గడి వదిలి, అక్కడ కంటికి కనిపించింది రాసినారు. "ఇక్కడ ఎండ్రకాయ బొక్క వుంది." "ఇక్కడ తుంగ మొలిచి నీరు ఎదురు తంతున్నది." "ఇక్కడ కట్ట కుంగింది."

నాలుగు రోజులకే ఒక సంగతి బయటపడింది. సాయంకాలం చివరి మడి దగ్గర ఎనిమిది లీటర్లు వుంటే, తెల్లవారేసరికి మూడు లీటర్లే వుంటున్నది. తూము దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు. రాత్రిపూట ఎక్కడో కట్ట తెగుతున్నది. పొద్దున్నే తిరిగి చూస్తే మూడుచోట్ల కొత్త మన్ను వేసి పూడ్చిన గుర్తులు, ఆ పక్క మడుల్లో వంతు రాకముందే నిండా నీళ్ళు. మూడో మడి అని పుస్తకంలో రాసినారు. ఆ మూడో మడి, పుస్తకం రాస్తున్న పిల్లవాడి తండ్రిదే.

ఇక్కడ నేను రెండో తప్పు చేసినాను. మొదటిదానికన్నా పెద్దది.

పుస్తకం చూసి నాకు భయం వేసింది. ఊళ్ళో తగవు లేస్తుంది, బడి మీదికి వస్తుంది, నా మీదికి వస్తుంది అనుకున్నాను. ఆ పిల్లవాణ్ణి పక్కకు పిలిచి, "బాబూ, ఈ రాత్రి లెక్కల పేజీ వదిలెయ్యి. బొక్కలు, తుంగ, పూడిక – ఇవి చాలు. మంచి ప్రాజెక్టే అవుతుంది" అన్నాను.

వాడు కొంచెంసేపు నేల చూసినాడు. తరువాత అన్నాడు: "ఆ పేజీ తీస్తే లెక్క కలవదు గద సార్."

ఎదిరించాలని అనలేదు వాడు. లెక్క సంగతే చెప్పినాడు. బొక్కలు పూడ్చినా, తుంగ పీకినా, రాత్రి పోయే నీటికి లెక్క ఎక్కడ చూపాలి? రైతులకు భూసార పరీక్ష చేయించండి, ఉన్నది ఉన్నట్టు తెలుసుకోండి అని ఊరూరా చెప్పేవాణ్ణి నేను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టయింది నా పని. "సరే, వుంచు. కాని ముందు మీ నాయనకు చెప్పు" అన్నాను. "నిన్ననే చెప్పిన" అన్నాడు. ఏమన్నాడని అడిగితే, "ఏమీ అనలే. అన్నం తినకుండ లేచిండు" అన్నాడు.

రైతువేదికలో ఒక సాయంకాలం ఆ తూము కింది రైతులను పిలిచినాము. పదిహేనుమంది దాకా వచ్చినారు. ఆ అమ్మాయి పుస్తకం చదివింది. పేర్లు లేవు. ఒకటో మడి, రెండో మడి, మూడో మడి అని మాత్రమే. అయినా ఎవరి మడి ఎవరిదో ఊళ్ళో తెలియనిది ఎవరికి? రాత్రి లెక్కల దగ్గరికి వచ్చేసరికి అందరూ గమ్మున వున్నారు. అప్పుడు ఆ పిల్లవాడి తండ్రి లేచినాడు.

"మూడో మడి నాదే. కట్ట తెంపింది నేనే. వంతు దాంక ఆగితే ఎండుతదేమో అని భయం. రాసింది అబద్ధం కాదు" అన్నాడు.

కొంచెంసేపటికి ఇంకొకాయన, "నేను గూడ తెంపిన" అన్నాడు. చివరి మడి రైతు, ఆ అమ్మాయి తండ్రి, అందరికంటే ఎక్కువ కోపం రావలసినవాడు, "అన్నా, భయం నీకొక్కనికేనా" అని ఒక్క మాట అని వూరుకున్నాడు. తగవు లేస్తుందని నేను భయపడ్డాను గాని, తగవు లేవలేదు. మాట మీద మాట అనుకుంటే తగవు. అంకె ముందర పెడితే, దానితో తగవులాడడం కష్టం.

ఆ ఆదివారం ఇంటికొక మనిషి పార పట్టుకొని వచ్చి పంటకాలువ పూడిక తీసినారు. తుంగ పీకినారు. బొక్కల్లో బంకమన్ను దట్టించినారు. తూము గోడ మీద సున్నం వేసి, ఎవరి వంతు ఏ వారం, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అని రాయించినారు. చివరి మడులకు గంటలు ఎక్కువ వేసినారు, ఎందుకంటే అక్కడ నీరు తక్కువ పారుతుందని పిల్లల లెక్క చెప్పింది. తరువాతి విడత నీటికి పిల్లలు మళ్ళీ కొలిచినారు. చివరి మడి దగ్గర 15 లీటర్లకు పైగా వచ్చింది. ఎకరం తడవడానికి ఆరున్నర గంటలు పట్టేది, మూడున్నర గంటలకు దిగింది.

అంతా బాగుపడ్డదని నేను చెప్పను. మట్టి కాలువ గనుక ఇంకే నీరు ఇంకుతూనే వున్నది. మరుసటి యాసంగిలో ఒక రాత్రి మళ్ళీ గండి పడ్డది. కాని తెల్లవారి ఎవరో ఒకరు పోయి గోడ మీది వంతులు చదివి వినిపించినారట. చివరన రెండు గుంటలు ఎత్తుగా వుండి ఇప్పటికీ నీరెక్కదు. ఆ అమ్మాయి తండ్రి అక్కడ శనగ వేసుకుంటున్నాడు. ఈ పనికి జిల్లాలో బహుమతి రాలేదు. థర్మోకోలు అట్టకు వచ్చింది, దీనికి రాలేదు! పిల్లలు కొంచెం చిన్నబుచ్చుకున్నారు. నేనేమి చెప్పగలను? "మీ బహుమతి పొలంలో వుంది, చూసుకోండి" అన్నాను.

సోదరులారా, పిల్లలు సొంతంగా ఆలోచించి ఊరికి మేలు చేసిన సంగతులు మన రాష్ట్రంలో ఇంకా వున్నవి. జోగులాంబ గద్వాల జిల్లా చింతలకుంట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థిని ఒకామె, మొక్కలు నాటేటప్పుడు తీసి పారేసే నల్లటి ప్లాస్టిక్ సంచులను చూసి ఆలోచించింది. ఆ ప్రాంతంలో వేరుశనగ పండుతుంది, పొట్టు ఊరికే పడి వుంటుంది. ఆ పొట్టును పొడిచేసి మొక్కల కుండీలు తయారుచేసింది. కుండీతో సహా మొక్కను నాటవచ్చు. అది మట్టిలో కలిసిపోతుంది. తరువాత హైదరాబాదులోని టీ-వర్క్స్ వారు ఆ కుండీలు చేయడానికి యంత్రం తయారుచేసి ఇచ్చినారు. రాజన్న సిరిసిల్ల జిల్లా హన్మాజీపేట ఉన్నత పాఠశాల విద్యార్థి ఒకడు, కల్లంలో ధాన్యాన్ని గోనెసంచులకు ఎత్తడానికి ముగ్గురు నలుగురు మనుషులు పడే కష్టం చూసి, ధాన్యం నింపే చిన్న బండి ఒకటి తయారుచేసినాడు. 2019లో దానికి జాతీయస్థాయిలో బహుమతి వచ్చింది.

ఈ రెండింటినీ చూడండి. ఒకరు పొట్టు చూసినారు, ఒకరు కల్లం చూసినారు. మా ఊరి అమ్మాయి తన మడి చూసింది. ఎవరి కళ్ళ ముందర వున్నది వాళ్ళు చూసినారు. పెద్దలం మనం రోజూ చూసి చూసి అలవాటుపడి, ప్రశ్న మరచిపోయినవి అవి.

పిల్లల మాట పెద్దలు వింటారా అనే అనుమానం కూడా వుండవచ్చు. దీనికి ఒక పాత కథ వున్నది. అమెరికా దేశంలో వందేండ్ల కిందట వ్యవసాయోద్యోగులు కొత్త పద్ధతులు చెప్తే, రైతులు "పుస్తకాల సేద్యం" అని నవ్వేవారు. 1907లో మిస్సిసిప్పీ రాష్ట్రం హోమ్స్ కౌంటీలో విలియం స్మిత్ అనే విద్యాధికారి ఒక ఉపాయం చేసినాడు. మగపిల్లలను ఒక సంఘంగా చేర్చి, తండ్రి పొలంలో కొంత చెక్కలో మక్క వాళ్ళనే పండించమన్నాడు. ఇట్లాంటి సంఘాలు ఊరూరా వచ్చినవి. 1910లో దక్షిణ కరొలినాలో జెర్రీ మూర్ అనే పదిహేనేండ్ల పిల్లవాడు ఒక ఎకరంలో 228 బుషెళ్ళ మక్క పండించినాడు. మన లెక్కన సుమారు 58 క్వింటాళ్ళు. ఉద్యోగి మాట వినని తండ్రులు, కొడుకు చెక్కను గట్టు మీద నిలబడి చూసినారు. ఆ సంఘాలే పెరిగి నేటి ఫోర్-హెచ్ సంఘాలైనవి. విస్తరణ పనికి అవి ఒక పునాది.

ఇక మన పని ఏమిటో చెప్పి ముగిస్తాను.

మొదట రైతు సోదరులకు. మీ పిల్లవాడో, అమ్మాయో పొలం గురించి ఒక ప్రశ్న అడిగితే "నీకెందుకు, చదువుకో" అనకండి. అదీ చదువే. వాళ్ళకు మూడు ఇవ్వండి. ఒక గుంట చెక్క, ఒక పంటకాలం గడువు, ఒక నోటుపుస్తకం. ఆ చెక్కలో మీరు చెయ్యి పెట్టకండి. పంట తగ్గితే తగ్గనివ్వండి. ఎందుకు తగ్గిందో రాసుకోమనండి. ఆడపిల్లలను వెనక్కి లాగకండి. మా ఊళ్ళో ప్రశ్న అడిగింది ఆడపిల్లనే.

రెండోది, పిల్లల పుస్తకంలో మీకు నచ్చనిది వుంటే ఆ పేజీ చింపించకండి. ఈ మాట చెప్పే హక్కు నాకు కొంచెం తక్కువే, అయినా చెప్తున్నాను.

తోటి విస్తరణోద్యోగులకు ఒక మనవి. ప్రాజెక్టు మీరు ఇవ్వకండి. ప్రశ్న వాళ్ళ నుంచి రానివ్వండి, కొలిచే పద్ధతి మీరు ఇవ్వండి. నీటి ప్రశ్న అడిగితే పైన చెప్పిన మక్క బెండు పద్ధతి చూపండి. విత్తనం ప్రశ్న అడిగితే మొలక పరీక్ష చూపండి. నూరు వడ్ల గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి, తడి ఆరకుండా వుంచి, వారం రోజులకు మొలకలు లెక్కపెట్టడం. ధృవీకరించిన వరి విత్తనం నూటికి 80 మొలవాలి. అంతకు తక్కువ అయితే, నారు పోయకముందే ఊరు మేలుకుంటుంది.

వరి మడిలో ఎప్పుడూ నీరు నిలవాలా అని అడిగితే, గొట్టం పద్ధతి చూపండి. ముప్పై సెంటీమీటర్ల పొడుగున్న గొట్టానికి కింది సగంలో చిల్లులు పెట్టి, ఆ సగం మడిలో దిగేటట్టు పాతాలి. లోపలి మట్టి తీసివేయాలి. లోపల నీటిమట్టం మడి కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగినప్పుడు మళ్ళీ అయిదు సెంటీమీటర్ల నీరు పెట్టాలి. పూతకు ఒక వారం ముందు నుంచి పూత అయిన వారం దాకా మాత్రం మడి ఆరనివ్వరాదు. ఒక మడి ఇట్లా, పక్క మడి పాత పద్ధతిలో వుంచి, పిల్లలు రెండింటి నీరూ దిగుబడీ రాసుకుంటే, నా పది ఉపన్యాసాల కంటే అది ఎక్కువ పని చేస్తుంది. మన దగ్గర రుద్రూరులో వరి, చెరకు పరిశోధన స్థానం వున్నది. పిల్లలను ఊరికే చూపించడానికి కాకుండా, వాళ్ళ ప్రశ్న, వాళ్ళ పుస్తకం పట్టుకొని అక్కడికి తీసుకుపోండి.

జాగ్రత్తలు కూడా చెప్పవలసి వున్నది. పిల్లలను ప్రధాన కాలువలోకి, డిస్ట్రిబ్యూటరీలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ దిగనివ్వకండి. కొలతలు మోకాలి లోతు లేని పంటకాలువలోనే, పెద్దవాళ్ళు ఒకరు గట్టు మీద వుండగానే చేయాలి. రాత్రిపూట పిల్లలను కాలువ దగ్గరికి పంపరాదు. పురుగుమందు డబ్బా వాళ్ళ చేతికి ఇవ్వరాదు. మోటారు స్టార్టర్ ముట్టనివ్వరాదు. పదో తరగతి పిల్లలకు పరీక్షలకు ముందు ఈ భారం వద్దు. ఎనిమిది, తొమ్మిది తరగతులవారికి అనువైన పని ఇది.

ఉపాధ్యాయ మిత్రులకు తెలిసినవే అయినా రైతులకు తెలియడం కోసం చెప్తున్నాను. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద పిల్లల ఆలోచన ఎంపికైతే, నమూనా తయారుచేయడానికి 10,000 రూపాయలు విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది. బడి తరఫున ప్రధానోపాధ్యాయులు ఆ ఆలోచనలను పంపాలి. ఊరి సమస్యను పిల్లలు తామే పరిశోధించి చెప్పడానికి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి వున్నది. మీ బడిలో పిల్లల పేర్లు పంపినారా అని అడగండి. అయితే బహుమతి కోసం ప్రశ్న వెతకవద్దు. ప్రశ్న ముందు రావాలి. బహుమతి వస్తే సంతోషం, రాకపోతే పుస్తకం మిగులుతుంది.

ఆ నోటుపుస్తకం ఇప్పుడు బడిలో లేదు. ఆ తూము కింది రైతులు అడిగి తీసుకున్నారు. నీరు వదిలే ముందు దానిని తెరిచి చూస్తారు. పిల్లలు రాసిన పేజీల తరువాత పెద్దల చేతిరాతలో కొత్త పేజీలు మొదలైనవి. వాటిలో ఒకటి ఆ మూడో మడి రైతు రాసింది. తేదీ వేసి, వేళ వేసి, తన మడికి నీరు ఎప్పుడు కట్టినాడో, ఎప్పుడు విడిచినాడో రాసినాడు.

ఈ యాసంగికి నీరు విడుదలయ్యే లోపల మీరు మీ ఊరి బడికి ఒకసారి వెళ్ళి రండి. పిల్లలకు ఏమీ చెప్పకండి. "మన ఊళ్ళో మీకు అర్థం కానిది ఏమున్నది?" అని ఒక్కమాట అడిగి, వినండి. వచ్చేటప్పుడు ఒక నోటుపుస్తకం ఇచ్చి రండి.